గీత ఉన్న చోట సున్నా

జూన్ 1, గురువారం

శిక్షణ తరగతుల్లో ఊరికే ఇచ్చిన నోటుబుక్కు ఇది. ఏడాదిగా బీరువాలో పడి ఉంది. రోజూ నాలుగు ముక్కలు రాసుకుంటే మనసు తేలికపడుతుందని ఎవరో అన్నారు. నా మనసు ప్రస్తుతం బరువుగా ఏమీ లేదు. అయినా రాస్తాను, చేతిరాత పూర్తిగా మరిచిపోయేలా ఉన్నాను.

చిపెరోని ముసురు పట్టింది, చలికాలపు సన్నటి వాన. జొంబా కొండ మూడు రోజులుగా కనబడటం లేదు. బట్టలు ఆరవు.

పొద్దున ఎనిఫా దగ్గర టీ, మందాసి. ఆఫీసు గేటు పక్కనే ఆమె పొయ్యి. పిల్లను వీపుకు కట్టుకుని మందాసి పిండి ముద్దలు నూనెలో వేస్తూ ఉంటుంది. పిల్లకి మూడు వారాలు, పేరు తియమికే. నన్ను చూడగానే ఎప్పటి పాటే.

"కంప్యూటరన్నా! నా సున్నా క్షేమమేనా?"

"క్షేమమే. నిన్ను అడిగినట్టు చెప్పమంది."

ఎనిఫాకి హెచ్ఐవీ ఉంది. దాచుకోదు. బుధవారాల్లో ఆసుపత్రికి వెళ్లి కొత్త తల్లుల ముందు నిలబడి తన సంగతంతా చెబుతుంది. ఏప్రిల్లో స్క్రీన్ మీద తన పేరు ఎదురుగా పచ్చ గడిలో సున్నా చూసి, నిండు కడుపుతో నర్సుల గదిలో గెంతులు వేసిందట. సున్నా అంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తక్కువ. అది చూసే పిల్లకి ఒక్క మందు చాలన్నారు, పాలు ధైర్యంగా ఇవ్వమన్నారు.

"ఆ సున్నా తెచ్చింది నీ మాత్రలమ్మా, నేను కాదు" అన్నాను. అన్నాను గానీ లోపల పొంగిపోయాను. మార్చి తుఫానులో రిజిస్టర్లన్నీ తడిసి ముద్దయ్యాక మూడు వారాల్లో తొమ్మిది ఆసుపత్రులకు, ఫలితాలు చూపే ఈ కంప్యూటర్ ప్రోగ్రాం ఎక్కించింది నేనే. ఒక్కణ్ణే.

జూన్ 5, సోమవారం

సిస్టర్ ఎస్నాట్ ఫోన్ చేసింది. ఇక్కడి ఆసుపత్రిలో హెచ్ఐవీ రిజిస్టర్ ఆమె చేతిలోనే ఉంటుంది. ఇరవై ఏళ్ల సర్వీసు, ఎవరినీ వదలని నోరు.

"తమ్ముడూ, నీ మిషన్ రక్తం తీయకుండానే పరీక్ష చేసేస్తోందా ఏంటి?"

"ఏమైంది సిస్టర్?"

"ఒకాయన రక్తం సీసా మొన్న సైకిల్ మీంచి పడి పగిలిపోయింది. మళ్లీ తీయలేదు. నీ దగ్గరేమో సున్నా అని పచ్చగా వెలుగుతోంది. పిలిచి పూలదండ వెయ్యమంటావా?"

"మీరే పొరపాటున సున్నా కొట్టి ఉంటారు."

"నేను గీత కొట్టాను. ఫలితం ఇంకా రాలేదంటే మేం గీతే పెడతాం. రిజిస్టర్లో అంతే, నీ ఫారంలోనూ అంతే. నర్సు బడిలో మొదటి రోజు నేర్పింది అది. నాకు చెప్పకు."

ఫోన్ పెట్టేసి కోడ్ తెరిచాను.

ఏప్రిల్ మొదట్లో ఫారం గీతను ఒప్పుకునేది కాదు. అంకెలే కొట్టాలని ఎర్రగా అరిచేది. తొమ్మిది ఆసుపత్రుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు, బయట క్యూ ఆగిపోతోందని తిట్లు. విసుగెత్తి ఒక్క లైను రాశాను. కొట్టినదాంట్లో అంకె కానిదల్లా తీసెయ్, మిగిలినదాన్ని సంఖ్యగా మార్చు. వేలకు పెట్టే కామాలు పోయాయి, పక్కన పడ్డ ఖాళీలు పోయాయి. పరీక్షించాను, పనిచేసింది. ఫోన్లు ఆగిపోయాయి.

గీత తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. ఏమీ లేనిదాన్ని సంఖ్యగా మార్చమంటే ఈ భాష కుదరదని చెప్పదు. నోరు మూసుకుని సున్నా చేతిలో పెడుతుంది. ఇది మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆ లైను పక్కన నా మాటే ఉంది: "ఖాళీ సంగతి తర్వాత చూడాలి."

ఇరవై నిమిషాల్లో బాగుచేశాను. ఇక గీత కొట్టినా, వదిలేసినా గడిలో "ఇంకా రాలేదు" అని బూడిద రంగులో వస్తుంది.

పాత సున్నాలు మొత్తం ఆరు వందల పద్నాలుగు. వాటిలో ల్యాబు చెప్పినవి ఏవో, గీతల నుంచి పుట్టినవి ఏవో కంప్యూటర్లో చూసి చెప్పే దారి లేదు. నర్సు కొట్టినది కొట్టినట్టు నేను దాచలేదు, మార్చినదే దాచాను. అసలు సంగతి కాగితం రిజిస్టర్లలోనే ఉంటుంది, తొమ్మిది చోట్ల.

"ఆ ఒక్క పేరూ సరిచేశాను సిస్టర్" అని చెప్పాను. శభాష్ అంది.

చాలావరకు నిజం సున్నాలే అయి ఉంటాయి. మన జిల్లాలో మందులు బాగా పనిచేస్తున్నాయి.

జూన్ 6, మంగళవారం

ఎనిఫా సున్నా నిజమైనదే అయి ఉంటుంది. మాత్ర వేసుకోవడానికి ఫోన్లో గంట పెట్టుకుంటుంది ఆవిడ.

జూన్ 7, బుధవారం

పై అధికారి చిర్వా గారికి చెప్పాను. తలుపు వేసి కూర్చోబెట్టారు.

"బాగుచేశావు కదా?"

"చేశాను బ్వానా. కానీ పాతవి..."

"పాతవాటికి ఏం చేద్దామంటావు?"

"తొమ్మిది ఆసుపత్రులకూ రాయాలి. సున్నా ఉన్న ప్రతి పేరునీ రిజిస్టర్‌తో పోల్చి చూసుకోమని."

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. మా అమ్మ పోయినప్పుడు కారిచ్చి పంపిన మనిషి.

"లింబనీ, ఇరవయ్యో తారీఖున దాతలు వస్తున్నారు. ఇప్పుడు రాస్తే తొమ్మిది చోట్లా గగ్గోలు. వాళ్లు వచ్చి వెళ్లనీ, నింపాదిగా రాద్దాం. ప్రాజెక్టు మూతపడితే నష్టం ఎవరికి? ఆ రోగులకే కదా!"

నిజమే కదా అనిపించింది. ఆగమనే మాట ఇంకొకరి నోట రావడంతో ప్రాణం కుదుటపడింది. సిగ్గుగా ఉంది. ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జూన్ 8

టీ, రెండు మందాసి.

జూన్ 9, శుక్రవారం

ఆసుపత్రి పది నిమిషాల నడక. వెళ్లి ఒక్క పేరు చూసి వచ్చేస్తే సరిపోతుంది. మార్కెట్ దాకా వెళ్లాను. వాన ఎక్కువైంది, గొడుగు తీసుకెళ్లలేదు. వెనక్కి వచ్చేశాను.

జూన్ 12, సోమవారం

తియమికేకి జలుబు. ఎనిఫా పిల్లను ముందుకు తిప్పి పాలు పడుతూనే నాకు టీ పోసింది.

"ఇంకో తొమ్మిది రోజులన్నా. ఆరు వారాలు నిండితే ఆ మందు ఆపేస్తారట. పోసినప్పుడల్లా నా మొహాన ఉమ్ముతుంది ఈ రాక్షసి."

"ఆపొద్దేమో" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

"నువ్వెప్పుడయ్యావు డాక్టరువి? సిస్టర్‌కి చెప్తానుండు, నీ కుర్చీ లాక్కుంటున్నాడని!"

నవ్వింది. పక్కన టీ తాగేవాళ్లూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆఫీసుకు వచ్చి మందుల నియమం తెరిచి చూశాను. అదీ నేను రాసిందే. తల్లి రక్తంలో వైరస్ లెక్క తక్కువైతే పిల్లకి ఒక మందు, ఆరు వారాలు. లెక్క ఎక్కువైతే మూడు మందులు, పన్నెండు వారాలు. తల్లి ఫలితం రాకపోతే ప్రమాదం ఉన్నట్టే లెక్కేసి మూడు మందులు. ప్రభుత్వం ఇచ్చిన పుస్తకంలో ఉన్నదాన్ని జాగ్రత్తగా, వరస తప్పకుండా రాశాను. ఆ మూడో నియమం ఏప్రిల్ నుంచి మొన్న నేను బాగుచేసేదాకా ఒక్కసారి కూడా పనిచేయలేదు. పనిచేసే వీలూ లేదు. ఖాళీ అనేది దాని దాకా వస్తే కదా!

జూన్ 14, బుధవారం

కొత్త మార్పులు ఎక్కించే పని మీద ఆసుపత్రికి వెళ్లాను. తల్లుల గదిలో ఎనిఫా మాట్లాడుతోంది. బెంచీల మీద ఇరవై మంది, సగం మంది కళ్లు నేల మీదే.

"నన్ను చూడండి. సున్నా! ఈ పిల్లను చూడండి, ఎలా బలిసిందో. మాత్ర మానకండి, పాలు మానకండి. మొగుడు ఏదైనా అంటే నా దగ్గరికి పంపండి, నూనె కాగుతూనే ఉంటుంది."

ఒక్కసారిగా నవ్వులు, చప్పట్లు. నేల చూస్తున్నవాళ్లు కూడా తలెత్తారు.

రిజిస్టర్ సిస్టర్ ఎస్నాట్ మోచేతి కింద ఉంది. పెద్ద పుస్తకం, నీలం అట్ట. ఒకసారి ఇవ్వండి సిస్టర్ అంటే ఇచ్చేది.

జూన్ 15

అడగలేదు.

జూన్ 20, మంగళవారం

దాతలు వచ్చారు, వెళ్లారు. గోడ మీద నా బొమ్మలు వేసి చూపించాను. వైరస్ దొరకనివాళ్ల శాతం రెండు నెలల్లో ఎంత పెరిగిందో గీసిన బొమ్మ దగ్గర అందరూ ఆగారు. వాళ్లలో ఒక పొడుగాటావిడ, ఈ జిల్లా మిగతా జిల్లాలకు పాఠం అంది. ఆ పెరిగిన భాగం నా లైను. ఫొటోలో నన్ను మధ్యలో నిలబెట్టారు. చిర్వా గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"వచ్చే వారం ఉత్తరం సంగతి చూద్దాం" అన్నారు మెల్లిగా.

జూన్ 21, బుధవారం

తియమికేకి ఆరు వారాలు నిండాయి. మడమ మీద పొడిచి రక్తం తీశారు. ఫలితానికి మూడు వారాలు పడుతుంది. మందు ఆపేశారు.

ఎనిఫా ఆ చిన్న కాలు పైకెత్తి నాకు చూపించింది. మడమ మీద దూది.

"ఏడుపుకి ఆసుపత్రి కప్పు లేచిపోయిందన్నా. వాళ్ల నాన్న గొంతే."

జూన్ 22, గురువారం

వాళ్ల నాన్న లారీ మీద బేరా రేవు నుంచి వచ్చాడట. ఆ సంబరంలో రెండు మందాసి ఎక్కువ పెట్టింది. "తిను, కొండగాలికి ఎగిరిపోయేలా ఉన్నావు" అంది. తిన్నాను.

జూన్ 23, శుక్రవారం

వెళ్లాను. ముసురులోనే వెళ్లాను.

సిస్టర్ ఎస్నాట్ రిజిస్టర్ ఇచ్చింది. ఏప్రిల్ పదిహేడో తారీఖు, నాలుగో వరస. ఎనిఫా పేరు. ఎదురుగా గీత. ఆమె గీతలు స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి. మార్చి తుఫానుకు కూలిన వంతెన అప్పటికింకా కట్టలేదు, ఆ వారం సీసాలు జిల్లా ల్యాబుకు చేరనే లేదట. ఆ వారం గీతలన్నీ నా దగ్గర సున్నాలే. తన చేత్తో గీత పెట్టిన సిస్టర్ కూడా తర్వాత చూసి నమ్మింది మాత్రం నా స్క్రీన్నే.

చెప్పాను. మొత్తం చెప్పాను. మొత్తం అంటే, లైను సంగతి, ఆరు వందల పద్నాలుగు సంగతి.

సిస్టర్ రిజిస్టర్ మూసేసింది.

"నేను ఫోన్ చేసిన రోజే నీకిది తెలుసా?"

"ఆ ఒక్క పేరే అనుకున్నాను సిస్టర్. ఇప్పుడు మళ్లీ కోడ్ చూస్తుంటే..."

నమ్మిందో లేదో తెలియదు. ఆవిడకి నమ్మకాలు చూసుకునే తీరిక లేదు. "నేనే చెప్పాను దానికి పాలు ఇవ్వమని. ఈ నోటితో" అంది. లేచి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ఎనిఫా కోసం పరుగెత్తింది.

సాయంత్రానికల్లా పిల్లకి మూడు మందులు మొదలుపెట్టారు. తల్లి రక్తం మళ్లీ తీసి, సిస్టర్ తనే బస్సులో ల్యాబుకు తీసుకెళ్లింది. ఈ ఒక్క ఆసుపత్రిలోనే డెబ్బై ఒక్క సున్నాలు. వాటిలో ఇరవై మూడు గీతల నుంచి పుట్టినవి.

మిగతా ఎనిమిదింటికీ నేనే ఫోన్ చేశాను. చిర్వా గారిని అడగలేదు.

జూన్ 26, సోమవారం

చిర్వా గారు అరిచారు. తర్వాత నీరసంగా కూర్చున్నారు. తప్పులు నమోదు చేయడానికి ఒక ఫారం తయారుచెయ్యమన్నారు. చేశాను. ఈసారి ప్రతి గడికీ కాపలా పెట్టాను. ఖాళీగా వదిలితే ఒప్పుకోదు. తేదీ గడిలో తేదీ కానిది పడితే ఒప్పుకోదు. కొట్టినది కొట్టినట్టు పక్కన దాచుకుంటుంది. దిద్దితే, ఎందుకు దిద్దావో రాయమంటుంది. ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు.

గేటు పక్కన పొయ్యి లేదు.

జూలై 10, సోమవారం

ఫలితాలు వచ్చాయి. సిస్టర్ కంటే ముందు నేనే చూశాను, చూడకూడదని తెలిసీ.

ఎనిఫా: నలభై ఎనిమిది వేల రెండు వందలు. ఆ మాత్రలు ఆమె ఒంట్లో పనిచేయడం ఎప్పుడో మానేశాయట. గంట పెట్టుకుని మరీ మింగింది.

తియమికే: సోకింది.

స్క్రీన్ సరిగ్గానే చూపించింది. ఎర్ర గడి.

ఎప్పుడు సోకి ఉంటుందని సిస్టర్‌ని అడిగాను. "పుట్టేటప్పుడో, పాలల్లోనో. అది ఎవరూ చెప్పలేరు, అడక్కు" అంది.

పుట్టేటప్పుడే అయి ఉంటుంది. అంటే మే పదో తారీఖు. నాకు తెలిసేనాటికే అంతా అయిపోయి ఉంటుంది.

జూలై 11

పుట్టేటప్పుడే అయి ఉంటుంది.

జూలై 12, బుధవారం

ఎనిఫా వచ్చింది. పొయ్యి లేదు, పళ్లెం లేదు. పిల్ల వీపున నిద్రపోతోంది. గేటు దగ్గర నిలబడి నన్ను పిలిపించింది. తిడుతుందనుకుని వెళ్లాను. తిడితే బాగుండేది.

"అన్నా, ఒకటి అడగనా? నీకు ఎప్పుడు తెలిసింది?"

"సిస్టర్‌కి చెప్పానే, ఆ రోజే."

తల ఊపింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"అనుకున్నాను. సిస్టర్ కూడా చెప్పింది, వానలో తడుచుకుంటూ వచ్చావని. నువ్వు రాకపోతే ఇంకా ఎన్నాళ్లు ఆ సున్నా చూసి మురిసిపోయేదాన్నో. మందులు మొదలయ్యాయిగా, బతుకుతుందట. చిన్నప్పుడే మొదలుపెడితే బతుకుతారట. నీ పుణ్యం."

తల ఊపి లోపలికి వచ్చేశాను.

జూలై 13, గురువారం

తప్పు నమోదు ఫారం నేనే నింపాలి. అన్నీ నింపాను. ఒక గడి మిగిలింది: "సమస్య స్వరూపం మొదట ఎప్పుడు తెలిసింది?"

వదిలేసి పంపబోయాను. ఖాళీగా ఉండకూడదంది. గీత పెట్టాను. తేదీ కాదంది. నా కాపలా బాగా పనిచేస్తోంది.

జూన్ 23 అని కొట్టాను. ఒప్పుకుంది. అది తేదీయే కదా. గడి చుట్టూ పచ్చగా వెలిగింది.

జూలై 19, బుధవారం

ఆసుపత్రిలో పని ఉంది. తల్లుల గది దాటుకుంటూ వెళ్తుంటే ఎనిఫా గొంతు వినబడింది. మళ్లీ మొదలుపెట్టింది. గొంతులో వెనకటి ఊపు లేదు.

"నా సున్నా అబద్ధం. నా పిల్లకి సోకింది. మీ సున్నా రిజిస్టర్లో ఉందో లేదో అడిగి చూసుకోండి, సిగ్గుపడకండి. కంప్యూటర్ వాళ్లమీద కోపం తెచ్చుకోకండి. ఆ అన్న తెలిసిన రోజే పరుగెత్తుకొచ్చాడు. మనిషన్నాక తప్పు చేస్తాడు. దాచకుండా చెప్పాడు, అది చాలు."

నన్ను తలుపు దగ్గర చూసి చెయ్యెత్తి చూపించింది. "అడుగో!"

వాళ్లు చప్పట్లు కొట్టారు. ఇరవై మంది. ఆ ఇరవై మూడు గీతల్లో కొందరు అక్కడే ఉన్నారు.

జూలై 20, గురువారం

ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. జూన్ 5 నుంచి 23 దాకా పద్దెనిమిది రోజులు. అది పుట్టేటప్పుడే సోకిందేమో. సోకలేదేమో. పదిహేడో రోజున సోకిందేమో. ఏప్రిల్‌ది పొరపాటు, దానికి ఎవరైనా క్షమిస్తారు. ఈ పద్దెనిమిది రోజుల్లో పొరపాటు ఒక్కటీ లేదు. అన్నీ తెలిసి చేసినవే. వాన వంక పెట్టాను, దాతల వంక పెట్టాను, మందాసి తిన్నాను.

ఫారం తెరిచి తేదీ మార్చాను. జూన్ 5. ఎందుకు దిద్దుతున్నావని అడిగింది. "మొదట అబద్ధం రాశాను" అని కొట్టాను. పాత తేదీ కూడా పక్కనే ఉండిపోయింది. అలా ఉండేలా రాసింది నేనే.

ఆ ఫారాలన్నీ శుక్రవారం రోగుల సంఘం ముందు చదువుతారు. సంఘంలో ఎనిఫా ఉంటుంది. అది తెలిసే పంపాను.

జూలై 24, సోమవారం

ముసురు విడిచింది. కొండ మొత్తం కనబడుతోంది.

గేటు పక్కన పొయ్యి మళ్లీ వెలిగింది. దూరం నుంచే నూనె వాసన. తియమికే వీపున మెలకువగా ఉంది, తల అటూ ఇటూ తిప్పుతోంది. టీ తాగేవాళ్లు నలుగురు ఉన్నారు. నేను వెళ్లి నిలబడ్డాను. ఎనిఫా నా మొహంలోకి చూడలేదు.

"ఒక టీ, రెండు మందాసి" అన్నాను.

"అయిపోయాయి."

పళ్లెం నిండా ఉన్నాయి. అప్పుడే తీసినవి, పొగలు వస్తున్నాయి. నా వెనక వచ్చిన కాపలావాడికి నాలుగు కట్టి ఇచ్చింది. నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"ఆ పద్దెనిమిది రోజులూ నా చేతి తిండి తిన్నావు. పిల్ల పాలు తాగుతుంటే ఎదురుగా కూర్చుని తిన్నావు" అంది మెల్లిగా, నూనెలోకి చూస్తూనే. "నీకు అయిపోయాయన్నా. వెళ్లు."

వచ్చేశాను.